వంతెనకు గీసిన గీత

జూన్ 9, సోమవారం

సంఘం మీటింగులో నా పేరే ఖాయమైంది. జూలై 22న వేలూరు కలెక్టరాఫీసులో గుడియాత్తం బిల్డర్ల సంఘం తరఫున నేనే మాట్లాడాలి. మా ఆయన గుణశేఖర్ సంఘానికి సెక్రటరీ. ఆయనే మాట్లాడతారని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం లేచి, కట్టేవాడు చెబితే లాభం కోసం చెప్పినట్టు ఉంటుంది, కొలిచేవాళ్ళు చెబితే వింటారు అన్నారు. నాయన వెంట మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళుగా ఈ జిల్లాలో భూములు కొలుస్తున్నాను. ఆడమనిషి చైను పట్టుకుని పొలంలో దిగడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు గట్టు తగాదా వస్తే ఫోను చేస్తారు. మొహమాటపడకుండా సరే అన్నాను.

కొత్త చట్టం ముసాయిదా రెండుసార్లు చదివాను. రోడ్లు, వంతెనలు, కరెంటు లైన్లు, ఇలాంటి పెద్ద పనులకి ఇప్పుడు అయిదారు ఆఫీసుల అనుమతి కావాలి. కొత్త చట్టం వస్తే ఒకే చోట అర్జీ, ఒకే ప్రజా విచారణ. అభ్యంతరం ఉన్నవాళ్ళు ముప్పై రోజుల్లో చెప్పుకోవాలి. ఆ తర్వాత పని ఆపమని కోర్టుకి వెళ్ళడం కుదరదు, పరిహారం కోసం మాత్రం వెళ్ళొచ్చు. దీని మీద జనం అభిప్రాయం చెప్పమని ప్రభుత్వం జిల్లాకో సభ పెట్టింది.

నాకు ఇందులో తప్పుపట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు. పదేళ్ళ ముందే రావలసిన చట్టం.

జూన్ 11, బుధవారం

పాయింట్లు రాసుకున్నాను. అయిదు. మొదటిది: ఆలస్యానికి కారణం అభ్యంతరాలే.

ఉదాహరణకి వెతుక్కోనక్కర్లేదు. విరించిపురం దగ్గర పాలారు మీద కట్టాల్సిన రెండో వంతెన. పన్నెండేళ్ళుగా మూడు స్తంభాలు ఇసుకలో ఊరికే నిలబడి ఉన్నాయి. అణైకట్ రోడ్డు వైపు గట్టున, వంతెన మీదికి ఎక్కే అప్రోచ్ రోడ్డు రావాల్సిన చోట అమ్మణి అనే రైతు కోర్టు నుంచి స్టే తెచ్చింది. అంతే, పని ఆగిపోయింది. ఒక్క మనిషి. ఈ ప్రాంతంలో ఎవర్ని అడిగినా ఆ పేరు చెబుతారు.

ఆ వంతెన ఉండుంటే మా అమ్మ బతికేది. ఇది సభలో చెప్పను.

జూన్ 14, శనివారం

మా అమ్మాయి ఆర్తి కాలేజీ నుంచి వచ్చి ఈ నోటుపుస్తకం తిరగేసింది. ఏం రాస్తున్నావు, అంతా జిలేబీలు చుట్టినట్టు ఉంది అంది. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదువులన్నీ తమిళంలో కాబట్టి ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. నాకు మాత్రం అమ్మ నేర్పింది. ఆమె పుట్టిల్లు పలమనేరు. ఎప్పుడైనా మనసులో మాట రాసుకోవాలంటే పనికొస్తుంది అనేది. పనికొస్తోంది.

జూన్ 17, మంగళవారం

వేలూరు వెళ్ళి వంతెన ఫైలు చూశాను. రికార్డు రూములో సామ్యుల్ గారని ఒక గుమాస్తా, వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. నా అర్జీ చూసి, ఎవరూ అడగని ఫైలు అడిగారు అని దుమ్ము దులిపి ఇచ్చారు.

2012లో జరిగిన ప్రజా విచారణ నివేదిక అందులో ఉంది. అభ్యంతరం చెప్పినవాళ్ళు ఇరవై ఏడు మంది. అందరి పేర్లకి ఎదురుగా ఒకే వాక్యం: పరిహారం చాలదని అభ్యంతరం. అమ్మణి పేరు పదకొండోది. ఆమె పక్కనా అదే. నేను అనుకున్నదే. ఎక్కువ పరిహారం కోసమే ఇంత రాద్ధాంతం. అందరూ ఒకే మాట ఎలా చెప్పారని మాత్రం సామ్యుల్ గారిని అడిగాను. ఆ రోజుల్లో అలాగే రాసేవాళ్ళమమ్మా, సాయంత్రంలోగా నివేదిక పంపాలని పైనుంచి ఒత్తిడి ఉండేది, ఒకటి రాసి కింద అదే అని పెట్టేవాళ్ళం అని చెప్పారు. ఆయన ఏమీ దాచుకోలేదు.

అప్రోచ్ రోడ్డు ప్లాన్ కూడా ఉంది. కింద నాయన సంతకం, గోవిందన్ అని. రోడ్డు డిపార్టుమెంటుకి ఆయన కాంట్రాక్టు మీద కొలిచి ఇచ్చిన ప్లాన్ అది. గీత ఎంత శుభ్రంగా ఉందో. ఇప్పుడు కంప్యూటరులో గీసినా అంత అందం రాదు.

ఆ కొలతకి నేను వెళ్ళలేదు.

జూన్ 18, బుధవారం

పని ఎక్కువ. రాయడానికి ఏమీ లేదు.

జూన్ 21, శనివారం

సభలో చూపించడానికి ఫోటోలు కావాలని స్తంభాల దగ్గరికి వెళ్ళాను. ఇసుకలో నుంచి పైకి వచ్చి ఆగిపోయాయి. పైన ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి. నాలుగైదు ఫోటోలు తీసుకుని గట్టెక్కాను. అక్కడ వేరుశనగ చేలో ఒక పెద్దావిడ కలుపు తీస్తోంది. డెబ్బై దాటి ఉంటాయి. నన్ను చూసి కొడవలి పక్కన పెట్టి లేచింది.

"ఎవురమ్మా నువ్వు? రోడ్డాఫీసా?"

"కాదు పెద్దమ్మా. గుడియాత్తం నుంచి వచ్చినా. స్తంభాలు చూసిపోదామని."

"చూడు, చూడు. అందురూ వస్తారు, చూస్తారు, నన్ను తిట్టేసి పోతారు."

అప్పుడు తెలిసింది ఈమే అమ్మణి అని. పన్నెండేళ్ళుగా మనసులో ఉన్న మనిషి పొట్టిగా, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ ఎదురుగా నిలబడింది. నేనెవరో చెప్పలేదు. వంతెన వద్దని ఎందుకన్నారని మాత్రం అడిగాను.

"వద్దని యాడ చెప్పినా? నా పెద్దకూతురిని ఇచ్చింది ఏటికి ఆ పక్క ఊర్లోనే. వంతెన ఉంటే నాకే మేలు కదా. గీత తప్పుగా ఉండాది, సరిగ్గా కొలిచి వెయ్యండి అన్నా. ఆ రోజు మైకులో చెప్పినా. ఎవురూ రాసుకోలే."

నన్ను కాలవ పక్కకి తీసుకెళ్ళి ఒక సర్వే రాయి చూపించింది. అది ఒకవైపు ఒరిగి ఉంది. చాలా ఏళ్ళ కిందట కాలవ పూడిక తీస్తున్నప్పుడు మెషినువాడు దాన్ని పెకలించి, పని అయ్యాక తోచిన చోట నాటేసి పోయాడట. రోడ్డు కొలిచినవాళ్ళు ఆ రాయి నుంచే కొలిచారట. దాంతో కాగితం మీద కాలవ పక్క పోరంబోకులో పోవాల్సిన రోడ్డు, నేల మీదకి వచ్చేసరికి ఆమె బావి మీదుగా, నాలుగిళ్ళ వాకిళ్ళ మీదుగా పోతుందని ఆమె చెప్పింది.

కారులో కొలత మెషిను, టోటల్ స్టేషను ఉంది. బయటికి తియ్యలేదు.

జూన్ 22, ఆదివారం

ముసలావిడ పొరబడి ఉండాలి. పూడిక తీసింది ఎప్పుడో, రాయి జరిగిందో లేదో ఎవరు చూశారు. మెషిను తగిలినా నాలుగంగుళాలు కదులుతుంది, అంతే. నాయన కొలిస్తే కోర్టులో కూడా తిరుగు ఉండదని పేరు.

మొదటి పాయింటు అలాగే ఉంచుతాను. ఆలస్యానికి కారణం అభ్యంతరాలే.

జూన్ 24, మంగళవారం

మళ్ళీ వెళ్ళాను. అనుమానం పెట్టుకుని మాట్లాడలేను, అందుకని. ఆ ఒరిగిన రాయిని వదిలేసి చుట్టుపక్కల ఉన్న మూడు పాత రాళ్ళ నుంచి కొలిచాను. మెషినుకి గురిగా ఎదురుగా నిలిపే అద్దం కర్ర పట్టుకోవడానికి మనిషి లేకపోతే అమ్మణే పట్టుకుంది. నిలువుగా, ఒక్క ఇంచు కదలకుండా. నా దగ్గర పనిచేసేవాళ్ళలో సగం మంది అంత స్థిరంగా పట్టలేరు. కొలిచేదాన్నని చూసి కూడా ఏమీ అడగలేదు.

రాయి ముప్పై ఎనిమిది అడుగులు జరిగి ఉంది.

మూడు రాళ్ళ నుంచీ విడివిడిగా లెక్కవేశాను. మూడూ అదే చెప్పాయి.

జూన్ 25, బుధవారం

ఆ కొలతకి నేను వెళ్ళాను.

2012 ఫిబ్రవరి. మూడు రోజుల పని. రెండో రోజు నుంచి నాయనతో నేనున్నాను. నాకు లైసెన్సు వచ్చి అప్పటికి ఏడాది. ఆయన చూసి చెబుతుంటే కొలత పుస్తకం నేనే రాశాను. కాలవ దగ్గరికి వచ్చేసరికి రాయి ఒరిగి కనిపించింది. నాయనా, ఈ రాయి ఒరిగి ఉంది, పక్క రాళ్ళ నుంచి ఒకసారి సరిచూద్దామా అని అడిగాను. పక్క రాళ్ళు పొదల్లో ఉన్నాయి, వెతికి పట్టుకుని కొలవాలంటే ఇంకా రెండు రోజులు పడుతుంది. శుక్రవారంలోగా ప్లాన్ అందాలి. ఆయన ఆ రాయి వంక కాసేపు చూసి, రాయి సరిగా ఉందని రాసుకో అన్నారు. నేను రాశాను. నీలం సిరాతో. నిన్న ఇనప్పెట్టెలో నుంచి ఆ పుస్తకం తీసి చూశాను. నా అక్షరాలే.

ఎనిమిది రోజుల కిందట ఇదే నోటుపుస్తకంలో, వెళ్ళలేదని రాసుకున్నాను. ఎవరూ చదవలేని పుస్తకంలో ఎవరికి అబద్ధం చెప్పానో తెలియడం లేదు.

నాలుగేళ్ళ కిందటి నవంబరులో పాలారు పొంగింది. అమ్మకి పొద్దున పదింటికి గుండెనొప్పి వచ్చింది. వేలూరు ఆసుపత్రికి బయల్దేరాం. పాత తరప్పాలం, ఏటి మట్టానికే వేసిన లోతట్టు వంతెన, మునిగిపోయి నీళ్ళు దాని మీదుగా పోతున్నాయి. అంబులెన్సు వెనక్కి తిప్పి చుట్టుదారిన వెళ్ళింది. అమ్మ తల నా ఒళ్ళో ఉంది. కిటికీలో నుంచి ఆ మూడు స్తంభాలు కనిపిస్తే, ఎవరో తెలియని ఆ అమ్మణిని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ విన్న చివరి మాటలు అవే అయి ఉండాలి. కాట్పాడి చేరేలోగా పోయింది.

జూన్ 26, గురువారం

వంతెనని ఆపింది అమ్మణి కాదు.

జూలై 1, మంగళవారం

మా ఆయనకి చెప్పాను. కొలత పుస్తకం చూపించాను. చాలాసేపు పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను. పడలేదు. అభిప్రాయం చెప్పడానికి పిలిస్తే నేరం ఒప్పుకోవడమెందుకు, ఇంకో ఉదాహరణ చూసుకో, పొన్నై రోడ్డు ఉంది, కరెంటు టవర్ల గొడవ ఉంది అన్నారు. నా లైసెన్సు, నాయన పేరు, సంఘం పరువు, మూడూ ఆలోచించు అన్నారు. అన్నీ న్యాయమైన మాటలే. నేను ఆయన స్థానంలో ఉన్నా అవే చెప్పేదాన్ని.

రెండు రోజులు ఆలోచిస్తానన్నాను. నిజానికి అప్పటికే ఆలోచించేశాను.

జూలై 5, శనివారం

నాయనకి డెబ్బై ఆరు. ఇప్పటికీ పొద్దున్నే గొడుగు పట్టుకుని మా సైట్ల దగ్గరికి వెళ్ళి మేస్త్రీలకి మట్టాలు చూపిస్తారు. ఇవాళ టిఫిను అయ్యాక ఆయన ముందు కొత్త కొలతల కాగితం పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని, అంకెల మీద వేలు ఆనించి చివరిదాకా చదివారు.

"ముప్పై ఎనిమిదా?" అన్నారు.

"అవును నాయనా. రాయి జరిగి ఉండాది."

"జరిగింది తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు చెప్పిన రోజు నుంచే. రాయి ఒరిగుంటే ఎవురో కదిలించినారని అర్థం. ముప్పై ఏండ్లు కొలిచినోడికి ఆ మాత్రం తెలీదా? శుక్రవారానికి ప్లాన్ ఇయ్యకుంటే ఈ ఏడాదికి పని పోతాదన్నాడు ఇంజనీరు. వంతెన రావాలనే కదమ్మా చేసినా. ఏదో మూడడుగులు, నాలుగడుగులు ఉంటాది, కట్టేటప్పుడు సరిచేసుకుంటారు అనుకున్నా. ముప్పై ఎనిమిదని నాకు తెలీదు."

అమ్మ గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. లెక్కలు ఇద్దరికీ వచ్చు.

గొడుగు తీసుకోకుండానే సైటుకి వెళ్ళిపోయారు.

జూలై 9, బుధవారం

నాయన నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటున్నారు.

జూలై 13, ఆదివారం

పాయింట్లన్నీ కొట్టేసి మళ్ళీ రాశాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి అయిపోయింది. ఈ మధ్య ఇంత తేలిగ్గా ఏ పనీ సాగలేదు.

చట్టం మంచిదే. ఇప్పటికీ అదే అంటాను. ఒకే చోట అర్జీ మంచిదే, ఒకే విచారణ మంచిదే. ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరగడంలో ఎవరికీ న్యాయం జరగదు. కానీ ముప్పై రోజుల తర్వాత తలుపు మూసేస్తామన్నప్పుడు, ఆ ముప్పై రోజులూ తలుపు నిజంగా తెరిచి ఉండాలి. కాగితం మీద గీత చూసి అది తన బావి మీద పోతుందో లేదో ఏ రైతుకి తెలుస్తుంది? నాకే తెలియలేదు. విచారణకి ముందు ఆ గీతని నేల మీద రాళ్ళు పాతి చూపించాలి. ముప్పై రోజులు ఆ రోజు నుంచి లెక్కపెట్టాలి. ఎవరు ఏం చెప్పారో వాళ్ళ మాటల్లోనే రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. కొలతే తప్పని ఎవరైనా అంటే ఆ ముక్క వరకు రెండు వారాల్లో మళ్ళీ కొలవాలి.

సంఘం వాళ్ళకి ఇది నచ్చదు. వాళ్ళకి పనికొచ్చేది కూడా ఇదే.

జూలై 16, బుధవారం

సభలో చెప్పే ముందు అమ్మణికి చెప్పాలి కదా. వెళ్ళాను. వాకిట్లో కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచాను. తరువాత చెప్పేశాను. ఆ ప్లాన్ మా నాయనది, పుస్తకం రాసింది నేను అని.

చేతులు ఆగలేదు. ఒలుస్తూనే అడిగింది.

"అయితే గీత తప్పని నీకు అప్పుడే తెలుసునా?"

"గీత తప్పని తెలీదు పెద్దమ్మా. రాయి ఒరిగి ఉండాదని తెలుసు. చూసినా. అయినా సరిగా ఉండాదని రాసినా."

"ఊరంతా నన్నే అనింది. మా ఆయన పోయినప్పుడు మొయ్యను మనుషులు రాలే. వంతెన ఆపిన ఇల్లు అన్నారు. అల్లుడు మూడేండ్లు గడప తొక్కలే."

క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆ మాట చాలా చిన్నదిగా అనిపించింది.

"వేలూరులో చెప్తావా ఇది?" అని అడిగింది.

"చెప్తా."

"అందురి ముందరా?"

"మైకులో."

"సరే. చెప్పినాక రా. ఇప్పుడు పో."

వచ్చేశాను. కారు ఎక్కాక చూసుకుంటే గుప్పిట్లో ఒలిచిన గింజలు అలాగే ఉన్నాయి.

జూలై 20, ఆదివారం

నాయన పదిహేను రోజుల తర్వాత నోరు తెరిచారు. నేను బట్టలు ఆరేస్తుంటే వెనకాల వచ్చి నిలబడ్డారు.

"నా పేరు చెప్పు. ప్లాన్ మీద సంతకం నాది. నీ పేరు తియ్యొద్దు. నువ్వు ఇంకా ఇరవై ఏండ్లు కొలవాల్సినదానివి."

తడి చీర దులిపి తీగ మీద వేశాను. ఒప్పుకున్నాననుకుని వెళ్ళిపోయారు.

జూలై 22, మంగళవారం

అయిపోయింది. వరసగా రాస్తాను.

హాలు నిండిపోయింది. అణైకట్ నుంచి రైతులు, తిరువలం నుంచి వ్యాపారులు, కాలేజీ పిల్లలు, మా సంఘం వాళ్ళు పద్దెనిమిది మంది. సభ జరపడానికి చెన్నై నుంచి ఒక మేడం వచ్చారు. శ్రద్ధగా వినే మనిషి. ఎవరినీ మధ్యలో ఆపలేదు. నా వంతు తొమ్మిదోది.

తమిళంలోనే మాట్లాడాను. సంఘం చట్టాన్ని బలపరుస్తోందని మొదటే చెప్పాను. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. తరువాత విరించిపురం వంతెన గురించి మొదలుపెట్టాను. ఆ పేరు వినగానే హాల్లో కొందరు తలలూపారు. అమ్మణి కథ వస్తుందనుకున్నారు.

"ఆ వంతెన అభ్యంతరం వల్ల ఆగలేదు. తొందర వల్ల ఆగింది. కొలతలో రెండు రోజులు మిగుల్చుకుందామని జరిగిన రాయిని సరిగా ఉందని రాశారు. అభ్యంతరం చెప్పిన మనిషి మీ కొలత తప్పు అని ఆ రోజే చెప్పింది. నివేదికలో ఆ మాట లేదు. కోర్టు తప్ప ఆమెకి ఇంకో దారి లేకపోయింది. ఇప్పుడు మీరు ఆ దారి కూడా మూస్తున్నారు. మూయండి, నాకు అభ్యంతరం లేదు. కానీ దానికి ముందు కొలతని నేల మీద చూపించండి, వాళ్ళ మాట వాళ్ళ మాటగానే రాయండి."

మూడు సవరణలూ చదివాను. కొత్త కొలతల కాగితం, పాత పుస్తకం పేజీ నకలు వాళ్ళకి ఇచ్చాను. మేడం ఆ పేజీ ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. రాయి సరిగా ఉందని రాసింది ఎవరు అని అడిగారు.

నాయన పేరు చెప్పి దిగిపోవచ్చు. ఆయన చెప్పమన్నారు కూడా.

"నేనే రాశాను" అన్నాను. "నా చేత్తో."

ముందు వరసలో కుర్చీలు జరిగాయి. సంఘం వాళ్ళలో ఒకరి తర్వాత ఒకరు లేచి బయటికి నడిచారు. ప్రెసిడెంటు వెళుతూ మా ఆయన భుజం తట్టాడు, రమ్మని. మా ఆయన కదలలేదు. చేతులు కట్టుకుని అలాగే కూర్చున్నారు. పద్దెనిమిది కుర్చీల్లో ఆయనది ఒక్కటే నిండి ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాట అన్నారు. "బాగా చెప్పినావు. నాకు నచ్చలే, కానీ బాగా చెప్పినావు."



జూలై 24, గురువారం

మా ఆయన సెక్రటరీ పదవికి రాజీనామా రాసిచ్చారు. వాళ్ళు అడగకముందే.

ఆగస్టు 2, శనివారం

చెప్పినాక రమ్మంది కదా, వెళ్ళాను. పేపరులో వచ్చిన వార్త అప్పటికే ఎవరో చదివి వినిపించారట. కాఫీ ఇచ్చింది. చట్టం గురించి గానీ, వంతెన గురించి గానీ ఎత్తలేదు. కలుపు మందు గురించి, వానల గురించి మాట్లాడింది. వచ్చేటప్పుడు అడిగింది: "నిన్ను ఏమన్నా చేస్తారా?" చేయవచ్చు అన్నాను. తలూపింది. అది బాధో తృప్తో నాకు తెలియలేదు. రెండూ ఉండే హక్కు ఆమెకి ఉంది.

ఆగస్టు 21, గురువారం

డిపార్టుమెంటు వాళ్ళే మళ్ళీ కొలిచారు. నన్ను దూరంగా ఉండమన్నారు, గట్టు మీద నిలబడ్డాను. నాయన కూడా వచ్చారు, రావద్దన్నా వినలేదు. పొదల్లో పాత రాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో వాళ్ళ సర్వేయర్లకి గొడుగు కొనతో చూపించారు. రెండు పూటలూ ఎండలోనే తిరిగారు.

పని అయ్యాక అమ్మణి వాకిలి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నేనే గోవిందన్ అన్నారు. ఆమె లోపలికి వెళ్ళింది. ఇక రాదనుకున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు, అడగను కూడా. ఇంటికి వచ్చాక నాయన నన్ను కాఫీ పెట్టమని అడిగారు. చాలా రోజులకి.

కొత్త గీత కాలవ పక్క పోరంబోకులోనే పోతుంది. బావి, ఇళ్ళు అన్నీ బయటే. ఎరుపు రంగు వేసిన రాళ్ళు పాతారు.

సెప్టెంబరు 4, గురువారం

నా లైసెన్సు ఆరు నెలలు ఆపారు. మార్చి 4 దాకా ఏ ప్లాన్ మీదా సంతకం పెట్టకూడదు. నాయన వయసు చూసి ఆయన్ని వదిలేశారు. ఆయనకి అది శిక్షలాగే ఉంది.

ఆరు నెలలే కదా. ఆఫీసు శుభ్రం చేస్తాను. ఆర్తికి అక్షరాలు నేర్పుతాను.

అక్టోబరు 14, మంగళవారం

సవరించిన ముసాయిదా వచ్చింది. పొద్దున్నే చదివాను. గీతని నేల మీద గుర్తులు పెట్టి చూపించాలన్నది ఉంది. ముప్పై రోజులు ఆ తేదీ నుంచే. అభ్యంతరాన్ని చెప్పిన మనిషి మాటల్లో రాసి చదివి వినిపించాలన్నది కూడా ఉంది. మళ్ళీ కొలిచే గడువు మాత్రం రెండు వారాలు కాదు, నెల అన్నారు. నెల అంటే ఎక్కువే. దాని మీద మళ్ళీ ఉత్తరం రాస్తాను.

ఈ సవరణలు ఇంకెంతమంది అడిగారో నాకు తెలియదు. నా వల్లే వచ్చాయని చెప్పుకోను. ఇక్కడ మాత్రం రాసుకుంటాను: కొంత నా వల్ల.

సంఘం ప్రెసిడెంటు ఫోను చేశాడు. చట్టం ఎప్పుడు అమల్లోకి వస్తుందని అడిగాడు. మామూలుగానే మాట్లాడాడు. నేనూ అంతే.

నవంబరు 11, మంగళవారం

కొత్త గీత మీద విచారణ ఇవాళ విరించిపురంలో ఒక కల్యాణమండపంలో జరిగింది. చట్టం ఇంకా రాలేదు, అయినా రాళ్ళు ముందే పాతారు కాబట్టి జనం తమ పొలం దగ్గర నిలబడి చూసుకునే వచ్చారు. అభ్యంతరాలు నాలుగే. అమ్మణి మైకు దగ్గరికి వెళ్ళి, ఇప్పుడు గీత సరిగా ఉంది, కేసు తీసేసుకుంటాను, తొందరగా కట్టండి అని చెప్పింది. రాసుకున్న గుమాస్తా చదివి వినిపించాడు. ఆమె చివరిదాకా విని, మొదటి గీత తప్పు అన్న ముక్క కూడా చేర్చమంది. చేర్చాడు. మళ్ళీ చదవమంది. చదివాడు. అప్పుడు సంతకం పెట్టింది. వెనకాల ఎవరో నవ్వారు గానీ ఆమె పట్టించుకోలేదు.

బయట చెప్పుల దగ్గర నన్ను పట్టుకుంది.

"ఇద్దరు కూతుర్లకి పొలం పంచి ఇయ్యాల. కొలిచి గట్టు వేసి పెడతావా?"

నన్నే అడుగుతోందా అని ఒకసారి ఆమె ముఖంలోకి చూశాను. మార్చి దాకా నాకు సంతకం పెట్టే హక్కు లేదు, వేరే మంచి సర్వేయర్ని పంపుతానని చెప్పాను.

"వేరేవాళ్ళు ఎందుకు? నువ్వే రా."

"నాలుగు నెలలు ఆగాల పెద్దమ్మా."

"ఏం తొందర?" అంది అమ్మణి, చెప్పులు తొడుక్కుంటూ. "మార్చిలోనే రా."